పరిశోధన కాగితంలో పల్లె పేరు - కాగితం రాసేటప్పుడు పల్లెకు చోటేదీ?

శంకర్‌పల్లి: పల్లె పొలాల మీద పరిశోధన చేస్తామంటూ నిధుల కోసం పెద్ద సంస్థలు పంపే ప్రతిపాదనల్లో 'భాగస్వామ్య సంస్థలు' అని ఒక పేజీ ఉంటుంది. అందులో ఒక స్వచ్ఛంద సంస్థ పేరు, ఒక రైతు సంఘం పేరు, ఒక్కోసారి గ్రామ పంచాయతీ పేరు కూడా కనిపిస్తాయి. ఆ పేర్లు చూసి నిధులిచ్చేవారు సంతోషిస్తారు. అయితే కాగితంలో ఏముందో ఆ సంఘానికి తెలుసా అంటే, తెలియని సందర్భాలే ఎక్కువని చెప్పాలి. రేపు గడువనగా ఈ రోజు ఫోను వస్తుంది. లెటర్‌హెడ్ మీద సమ్మతి రాసి, స్టాంపు వేసి, ఫొటో తీసి పంపమంటారు. అధ్యక్షుడు సంతకం పెడతాడు. అంతటితో భాగస్వామ్యం అయిపోయినట్టే!

చిక్కంతా డబ్బు మంజూరయ్యాక మొదలవుతుంది. బావుల్లో నీటిమట్టం కొలవాలని కాగితంలో ఉంటుంది. కొలిచే మనిషికి కూలి ఎవరివ్వాలో ఉండదు. సమావేశాలకూ, కార్లకూ పద్దు ఉంటుంది. ప్రయోగం కోసం రైతు విడిచిపెట్టిన అరెకరానికి పద్దు ఉండదు. మొదటి వాయిదా సొమ్ము చేతికందేసరికి విత్తనాల అదను దాటిపోతుంది. అప్పుడు సంఘం వారు పట్నం వెళ్ళి అడిగితే, మంజూరైన పద్దులు మార్చడం కుదరదన్న సమాధానం వస్తుంది. నిజమే, అంత తేలిక కాదు. అందుకే అడగవలసింది మంజూరుకు ముందు.

ఇలా కాకుండా జరిగిన పని ఒకటి ఈ మండలంలోనే ఉండడం గమనార్హం. 1999లో కొత్తపల్లిలో ఆదర్శ వాటర్‌షెడ్ పని మొదలైంది. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ ముందు నడిచినా, ఒంటరిగా నడవలేదు. మెట్ట సేద్యం తెలిసిన క్రీడా సంస్థ, ఉపగ్రహ చిత్రాలు తీసి ఇచ్చే జాతీయ రిమోట్ సెన్సింగ్ సంస్థ, కరువు పీడిత ప్రాంతాల కార్యక్రమం అధికారులు, ఎం.వి. ఫౌండేషన్ అందులో చేరారు. ఆసియా అభివృద్ధి బ్యాంకు పరిశోధనకు సాయం చేసింది. ఎవరి వంతు ఏమిటో పంచుకుని దిగారు. బాల కార్మికులను బడికి పంపే పనిలో జిల్లా పల్లెలకు బాగా తెలిసిన ఎం.వి. ఫౌండేషన్‌కు జనాన్ని కూడగట్టే వంతు వచ్చింది. శాస్త్రవేత్త చెబితే తల ఊపి ఊరుకునే రైతు, తెలిసిన కార్యకర్త ముందు సందేహం అడుగుతాడు కదా!

గ్రామసభ పెట్టి, ఊరు ఒప్పుకున్నాకే పని ప్రారంభించారు. 465 హెక్టార్ల ఆ వాటర్‌షెడ్‌లో చెక్‌డ్యాములు, ఇంకుడు గుంతలు వచ్చాయి. సొంత పొలంలో చేసుకునే వాటికి మాత్రం రైతే ఖర్చు పెట్టుకోవాలన్నారు. ఉచితంగా ఇస్తే ప్రాజెక్టుతోనే పోతుందని వారి వాదన. మహిళా సంఘాలు వర్మి కంపోస్టు చేశాయి. కాయతొలిచే పురుగును చంపే వైరస్ ద్రావణాన్ని రైతులే ఊళ్ళో తయారుచేశారు. 1998లో హెక్టారుకు టన్నున్నర ఉన్న మొక్కజొన్న దిగుబడి తర్వాత రెట్టింపు దాటినట్టు ఇక్రిశాట్ లెక్కలు చెబుతున్నాయి. ఈ పద్ధతి తరువాత కర్నూలు, మహబూబ్‌నగర్, నల్గొండ జిల్లాలకూ పాకింది.

విదేశీ సొమ్ముతో చేసే పనుల్లో అప్పటికీ ఇప్పటికీ ఒక తేడా వచ్చింది. దాని సంగతి చిన్న సంఘాలన్నిటికీ తెలిసినట్టు లేదు. విదేశీ విరాళాల నియంత్రణ చట్టాన్ని 2020 సెప్టెంబరులో సవరించారు. అంతకు ముందు ఒక పెద్ద స్వచ్ఛంద సంస్థ విదేశీ నిధి తెచ్చి, అదే చట్టం కింద నమోదైన చిన్న సంస్థకు కొంత పంచేది. ఇప్పుడు ఆ పంపకం నిషేధం. చిన్న సంస్థకు సొంతంగా నమోదు ఉండాలి, ఢిల్లీ స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలో ఖాతా ఉండాలి, దాత నేరుగా దానికే పంపాలి. ఆఫీసు ఖర్చులకు వాడుకోదగిన వాటా కూడా 50 శాతం నుంచి 20 శాతానికి తగ్గింది. అంటే 'ముందు మా పేరున రానివ్వండి, తర్వాత మీ వాటా ఇస్తాం' అనే మాట విదేశీ నిధుల విషయంలో చెల్లదు. ప్రతిపాదన రాసే రోజునే ఎవరి ఖాతాకు ఎంత అన్నది తేలాలి. కేంద్ర ప్రభుత్వ నిధి కోరే స్వచ్ఛంద సంస్థ అయితే నీతి ఆయోగ్ వారి దర్పణ్‌లో ముందుగా నమోదై ఉండాలి. గడువు రోజున పరుగెత్తితే అయ్యే పనులు కావివి.

డబ్బు సంగతి అలా ఉంచితే, లెక్కల సంగతి మరొకటి. పొలంలో మట్టి తీసుకెళ్తారు, పరీక్ష ఫలితం రైతుకు చేరదు. చేరినా ఇంగ్లీషులో ఉంటుంది. ఫలితాలు ఏ నెలలో, ఏ భాషలో, గ్రామసభలో ఎవరు చదివి వినిపించాలో ఒక్క వాక్యం ప్రతిపాదనలో రాయించుకుంటే చాలు. దానికయ్యే ఖర్చు కూడా పద్దులో చేరుతుంది. ఊరి వారు సంతకానికి ముందు ఈ ఒక్కటైనా పట్టుబట్టాలి. ఒక పూట ఆలస్యమైతే కొంపలు మునగవు. తెలుగులో రెండు పేజీల సారాంశం ఇవ్వమంటే ఏ శాస్త్రవేత్తా కోప్పడనక్కర లేదు.

ఇప్పటికే సంతకాలు పెట్టి, ప్రతి దగ్గర లేని సంఘాలకు ఒక దారి ఉంది. పరిశోధన చేసేది ప్రభుత్వ సంస్థ అయితే 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద మంజూరైన ప్రతిపాదన, పద్దుల ప్రతి ఇవ్వమని అడగవచ్చు. కేంద్ర సంస్థలకు దరఖాస్తు రుసుము 10 రూపాయలు. 30 రోజుల్లో జవాబివ్వాలి.