విశ్వవిద్యాలయ కమిటీలో మన బిడ్డ సంతకం

కరీంనగర్‌లో మా వీధికి చెందిన ఒక విద్యార్థిని ఎం.ఎస్సీ. చివరి సంవత్సరం చదువుతున్నప్పుడు, ఆమెను విద్యార్థుల ఫిర్యాదుల పరిష్కార కమిటీలో విద్యార్థి ప్రతినిధిగా నియమించారు. ఆ వార్త తెలిసిననాడు తల్లి ఇంటింటికీ మిఠాయి పంపింది. మేమందరం సంతోషించాము. తర్వాత నాలుగు నెలలపాటు ఆమెకు ఒక్క సమావేశానికీ పిలుపు రాలేదు. ఐదవ నెలలో ఆఫీసుకు పిలిచి, మినిట్స్ పుస్తకం ముందుంచి, సంతకం చేయమన్నారు. మూడు సమావేశాల తీర్మానాలు చక్కని దస్తూరితో రాసి ఉన్నాయి. మూడింటి చివరా ఒకటే వాక్యం: ‘ఫిర్యాదులేవీ రాలేదు.’ ఆమె పేరు ఎదుట మాత్రమే ఖాళీ ఉంది.

ఆ సాయంత్రం ఆమె మా ఇంటికి వచ్చింది. “చాచా, అందరూ చేశారని నేనూ సంతకం చేసి వచ్చాను. కానీ ఫిర్యాదు రాలేదన్నది అబద్ధం. మా సీనియర్ ఒకామె రెండు నెలల క్రితమే రాసి ఇచ్చింది. ఇచ్చేటప్పుడు నేను పక్కనే ఉన్నాను,” అన్నది.

ఆ సీనియర్ ఆదిలాబాద్ జిల్లా అమ్మాయి. పీజీ పూర్తయింది. ఫీజు రీయింబర్స్‌మెంట్ సొమ్ము ప్రభుత్వం నుండి రాలేదన్న కారణంతో ఆమె ధ్రువపత్రాలు ఇవ్వలేదు. పై చదువులో చేరడానికి అవి అవసరం. ఆమె ఇచ్చిన దరఖాస్తుకు రసీదు లేదు, ఇన్‌వర్డ్ నంబరు లేదు. ఇప్పుడు మన బిడ్డ సంతకంతో, ఆ దరఖాస్తు అసలు పుట్టనే లేదని తీర్మానాల పుస్తకం సాక్ష్యం చెబుతున్నది.

ఆమెను మందలించే అర్హత నాకు లేదని ముందే ఒప్పుకుంటున్నాను. ప్రభుత్వ గుమాస్తాగా పనిచేసిన దశాబ్దాలలో, జరగని సమావేశాల తీర్మానాలు రాసి, సభ్యుల ఇళ్ళకు వెళ్ళి సంతకాలు సేకరించిన వారిలో నేనూ ఒకడిని. అది ఆఫీసు ఆనవాయితీ అనుకున్నాను. ఆ పుస్తకం అవతల ఒక దరఖాస్తుదారు నిలబడి ఉంటారన్న ఆలోచన ఆనాడు నాకు రాలేదు. ఆ సాయంత్రం వచ్చింది.

ఈ చిన్న సంఘటనను ప్రస్తావించడానికి ఒక కారణం ఉన్నది. మన రాష్ట్రంలో మైనారిటీ గురుకులాలు 2016లో ఆరంభమైనాయి. ఆ ఏడు ఏడవ తరగతిలో చేరిన పిల్లలు వరుసగా చదివి ఉంటే ఇప్పుడు పీజీ తరగతుల గడప తొక్కుతున్నారు. దేశంలోని పేరున్న కళాశాలల్లో డిగ్రీ విద్యార్థులలో ఇరవై ఐదుగురికి ఒకరు, పీజీ విద్యార్థులలో యాభై మందికి ఒకరు మాత్రమే ముస్లింలని 2006లో సచార్ కమిటీ తేల్చింది. అటువంటి స్థితి నుండి వచ్చిన సముదాయానికి, విశ్వవిద్యాలయ కమిటీలో ఒక కుర్చీ దొరకడం గర్వకారణమే. అయితే ఆ కుర్చీలో కూర్చున్నవారు ఏమి చేయాలో మనం వారికి నేర్పుతున్నామా?

నిబంధనలు ఏమి చెబుతున్నాయి?

యూజీసీ 2023 ఏప్రిల్‌లో విద్యార్థుల ఫిర్యాదుల పరిష్కార నిబంధనలను ప్రకటించింది. వాటి ప్రకారం కమిటీకి ఒక ప్రొఫెసర్ అధ్యక్షత వహించాలి. నలుగురు సీనియర్ అధ్యాపకులు సభ్యులుగా ఉండాలి. చదువులో గాని, క్రీడలలో గాని, ఇతర కార్యక్రమాలలో గాని రాణించిన ఒక విద్యార్థిని లేక విద్యార్థిని ప్రత్యేక ఆహ్వానితులుగా తీసుకోవాలి. సభ్యుల పదవీకాలం రెండేళ్ళు, ఆహ్వానితులది ఒక్క ఏడాది. ఫిర్యాదు అందిన తరువాత 15 పని దినాలలో కమిటీ తన నివేదికను అధికారులకు పంపి, దాని ప్రతిని ఫిర్యాదుదారుకు ఇవ్వాలి. ఆ నిర్ణయంతో తృప్తి చెందనివారు 15 రోజులలో అంబుడ్స్‌పర్సన్‌కు అప్పీలు చేసుకోవచ్చు.

ధ్రువపత్రాలు అట్టిపెట్టుకోవడం, నిర్ణయించిన దానికి మించి రుసుము అడగడం, ఉపకార వేతనాలు ఇవ్వకపోవడం లేదా ఆలస్యం చేయడం, పరీక్షల్లో జాప్యం, మూల్యాంకనంలో అన్యాయం, ఇవన్నీ ఆ నిబంధనల దృష్టిలో ఫిర్యాదులే. ఎస్సీ, ఎస్టీ, బీసీ, మహిళా, వికలాంగ విద్యార్థులతో పాటు మైనారిటీ విద్యార్థులపై వివక్ష కూడా ఆ జాబితాలో స్పష్టంగా ఉన్నది.

ఇక్కడే ఒక లోపాన్ని గమనించాలి. ఫిర్యాదు చేయదగిన వారి జాబితాలో మైనారిటీలు ఉన్నారు. ఫిర్యాదును విచారించే కమిటీలో మాత్రం కనీసం ఒక మహిళ, కనీసం ఒక ఎస్సీ లేదా ఎస్టీ లేదా ఓబీసీ సభ్యులు ఉండాలని మాత్రమే ఉన్నది. మైనారిటీ సభ్యులు తప్పనిసరి కాదు. ఈ నియమాన్ని సవరించమని యూజీసీని కోరడం మన సంఘాల పని. అంతవరకు, బీసీ-ఇ వర్గానికి చెందిన అధ్యాపకులు ఉన్నచోట వారి పేర్లు పరిశీలించమని అడగడంలో తప్పు లేదు. ఆ ఒక్క విద్యార్థి స్థానం కూడా నామినేషన్ ద్వారా వచ్చేదే. ఎవరు నియమించారో వారికి కృతజ్ఞత చూపవలసి ఉంటుందన్న భావన మన పిల్లలను మొదటి రోజే మౌనులను చేస్తుంది.

దీనికి భిన్నమైనది లైంగిక వేధింపుల నివారణ కోసం 2015లో వచ్చిన యూజీసీ నిబంధన. అంతర్గత ఫిర్యాదుల కమిటీ ముందుకు విద్యార్థులకు సంబంధించిన వ్యవహారం వచ్చినప్పుడు డిగ్రీ, పీజీ, పరిశోధక స్థాయిల నుండి ఒక్కొక్కరు చొప్పున ముగ్గురు విద్యార్థులు సభ్యులుగా ఉండాలి. వారిని పారదర్శకమైన ప్రజాస్వామిక పద్ధతిలో ఎన్నుకోవాలి. మొత్తం సభ్యులలో సగానికి తగ్గకుండా మహిళలు ఉండాలి. వైస్ చాన్స్‌లర్, రిజిస్ట్రార్, డీన్, శాఖాధిపతి వంటి అధికార పదవులలో ఉన్నవారు ఆ కమిటీలో ఉండరాదు. మన రాష్ట్ర విశ్వవిద్యాలయాలలో విద్యార్థి సంఘాల ఎన్నికలు దశాబ్దాలుగా లేవు. అయినప్పటికీ ఈ ముగ్గురి ఎన్నిక మాత్రం నిబంధన కోరుతున్నది. మన ఆడపిల్లలు చదివే ప్రతి ప్రాంగణంలోనూ ఆ ముగ్గురు ఎవరు, ఎట్లా ఎన్నికైనారు అని అడిగే హక్కు మనకున్నది.

వినని ఫిర్యాదు ఎక్కడికి పోతుంది?

ఫిర్యాదు పుస్తకంలోకి ఎక్కకపోతే అది మాయమైపోదు. 2022 జూన్‌లో బాసర ట్రిపుల్ ఐటీలో వేలాదిమంది విద్యార్థులు ఎండకూ వానకూ వెరవక దాదాపు వారం రోజులు బైఠాయించారు. పూర్తికాలపు వైస్ చాన్స్‌లర్, తగినంత మంది అధ్యాపకులు, మెస్‌లో మంచి భోజనం, ఇటువంటివే వారి 12 డిమాండ్లు. ఇవేవీ ఒక్క రాత్రిలో పుట్టిన సమస్యలు కావు. చివరకు విద్యాశాఖ మంత్రి స్వయంగా బాసరకు వచ్చి, రాత్రివేళ విద్యార్థులతో చర్చలు జరిపిన తర్వాతనే ఆందోళన ముగిసింది. గదిలో నలుగురు కూర్చుని వినవలసిన మాటను రాష్ట్రమంతా వినేదాకా పిల్లలు బైఠాయించవలసి వచ్చింది.

ఆ పిల్లల నుండి నేర్చుకోవలసినది ఒకటున్నది. వారు కోర్కెలను అంకెలు వేసి, రాసి, ఆ కాగితంతోనే మాట్లాడారు. వారి విద్యార్థి మండలి ప్రతినిధులు చర్చలకు వెళ్ళినప్పుడు ఏది ఒప్పుకున్నారో, ఏది వాయిదా పడిందో అందరికీ తెలిసే వీలు ఉండినది. కమిటీలో కూర్చునే వారికి కావలసిన మొదటి విద్య ఇదే.

ప్రతినిధి బాధ్యతలు

నా గుమాస్తాగిరీ అనుభవంతో, కమిటీలలోకి వెళ్ళే మన పిల్లలకు కొన్ని మాటలు చెబుతాను.

మొదటిది: నియామక ఉత్తర్వు ప్రతిని, ఆ కమిటీకి వర్తించే నిబంధనల ప్రతిని అడిగి తీసుకొని చదవండి. మీరు సభ్యులా, ప్రత్యేక ఆహ్వానితులా, మీకు ఓటు ఉన్నదా లేదా అన్నది మీకు తెలియాలి.

రెండవది: హాజరు కాని సమావేశానికి సంతకం చేయవద్దు. ఒత్తిడి ఎక్కువైతే ‘చూశాను, సమావేశానికి హాజరు కాలేదు’ అని రాసి, తేదీ వేసి, సంతకం చేయండి. ఆ ఒక్క పంక్తి మిమ్మల్ని అబద్ధపు సాక్ష్యం నుండి కాపాడుతుంది. అంగీకరించని తీర్మానం కింద మీ అసమ్మతిని రెండు వాక్యాలలో, మర్యాదగా రాయండి. కేకలు ఆ రోజుతో పోతాయి. రాత ఫైలులో నిలుస్తుంది.

మూడవది: ఫిర్యాదు నోటి మాటగా తీసుకోవద్దు. రాయడం రాని వారికి రాసిపెట్టండి. రెండు ప్రతులు చేయించండి, ఒకదానిపై రసీదు ముద్ర, నంబరు, తేదీ వేయించండి. 15 పని దినాల లెక్క ఆ తేదీ నుండే మొదలవుతుంది.

నాలుగవది: రహస్యాన్ని కాపాడండి. ముఖ్యంగా వేధింపుల విచారణలో బాధితురాలి పేరు, సాక్షుల వివరాలు బయటపెట్టడాన్ని 2013 నాటి చట్టం నిషేధించింది. స్నేహితుల వాట్సాప్ గ్రూపులోనే కాదు, ఇంట్లో దస్తర్‌ఖాన్ వద్ద కూడా ఆ మాట రాకూడదు. ఒక ఆడపిల్ల పరువు మీ నోటిలో అమానత్‌గా ఉన్నదని గుర్తుంచుకోండి.

ఐదవది, అన్నిటికంటె కష్టమైనది: మీరు మన వారి ప్రతినిధి మాత్రమే కారు. పైన చెప్పిన ఆదిలాబాద్ అమ్మాయి గోండు కుటుంబంలో పుట్టింది. మన బిడ్డ సంతకం ఆమె దారికి అడ్డుపడింది. నమాజుకు సమయం, హిజాబ్‌పై వ్యాఖ్య, ఉర్దూ మాధ్యమం నుండి వచ్చిన వారి ఇబ్బందులు తప్పక ప్రస్తావించండి. అయితే ఆదివాసీ విద్యార్థి స్కాలర్‌షిప్ గురించి, దళిత విద్యార్థి మార్కుల గురించి నోరు విప్పని వారి మాటకు, మన విషయం వచ్చిన రోజున ఎవరూ విలువ ఇవ్వరు. ఇక తప్పు చేసినది మన పిల్లవాడే అయితే, అతని వైపు తూగకుండా నిలబడవలసిందీ మీరే. న్యాయం విషయంలో సొంతవారినీ పరాయివారినీ ఒకే త్రాసులో తూచమన్నది మన ధర్మం. ఆ త్రాసు కమిటీ గదిలోనూ అదే.

కుటుంబాలు, సంఘాలు

తల్లిదండ్రులకు ఒక మనవి. “నీ చదువు నువ్వు చూసుకో, ఇవన్నీ నీకెందుకు?” అనే మాట మన ఇళ్ళలో తరచు వినబడుతుంది. ఆ మాట వెనుక ఉన్న భయం నాకు తెలుసు. ప్రాక్టికల్ మార్కులు తగ్గిస్తారేమో, గైడ్ కోపగించుకుంటారేమో, ఆడపిల్ల పేరు నలుగురి నోళ్ళలో పడుతుందేమో. ఈ భయం నిరాధారం అనను. కాని ఒంటరిగా ఉన్న విద్యార్థికే భయం ఎక్కువ. సమావేశం ఆలస్యమైన రోజున తండ్రో అన్నో బస్టాండులో ఎదురుచూస్తే, ఆ అమ్మాయి గదిలో మరింత ధైర్యంగా మాట్లాడుతుంది.

సంఘాల పెద్దలకు మరొక మనవి. మనం ధర్నాలకు ఖర్చు చేసే శ్రమలో పదోవంతు ఈ పనికి వెచ్చిద్దాం. కరీంనగర్ శాతవాహన విశ్వవిద్యాలయంలో గాని, వరంగల్ కాకతీయ విశ్వవిద్యాలయంలో గాని, దాని పరిధిలోని ఆదిలాబాద్ కళాశాలల్లో గాని ఏయే కమిటీలు ఉన్నాయి, వాటి సభ్యులెవరు, ఎన్నిసార్లు సమావేశమైనారు అన్న వివరాలను సమాచార హక్కు చట్టం కింద అడగవచ్చు. 30 రోజులలో జవాబు ఇవ్వాలి. మౌలానా ఆజాద్ జాతీయ ఫెలోషిప్‌ను 2022-23 నుండి నిలిపివేస్తున్నట్లు కేంద్రం పార్లమెంటులో ప్రకటించినప్పుడు మనం ఖండన ప్రకటనలు ఇచ్చాము. ఇవ్వవలసిందే. కాని అంతకుముందు ఎంపికైన పరిశోధక విద్యార్థుల నెలవారీ సొమ్ము ఆగినప్పుడు, ఎంతమంది చేత రాతపూర్వక ఫిర్యాదు చేయించాము? పెద్ద అన్యాయంపై గళమెత్తడం ఎంత అవసరమో, చిన్న దరఖాస్తుకు నంబరు వేయించడం అంతే అవసరం.

మా వీధి అమ్మాయి సంగతి చెప్పి ముగిస్తాను. మరునాడు ఆమె ఒక లేఖ రాసుకొని వెళ్ళింది. ఆ మూడు సమావేశాలకు తనకు పిలుపు రాలేదని, తన సంతకాన్ని హాజరుగా పరిగణించవద్దని, తనకు తెలిసి ఒక ఫిర్యాదు ఉన్నదని అందులో రాసింది. రసీదు తీసుకొనే వచ్చింది. సీనియర్ అమ్మాయి చేత మళ్ళీ దరఖాస్తు ఇప్పించింది. మూడు వారాలలో ధ్రువపత్రాలు చేతికి వచ్చాయి. అయితే అప్పటికి ఆమె చేరదలచిన కోర్సులో ప్రవేశాల గడువు ముగిసింది. ఒక సంవత్సరం పోయింది.

ఆ సంవత్సరాన్ని ఎవరూ తిరిగి ఇవ్వలేరు. మన బిడ్డ ఆ మాట అన్నప్పుడు ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నేను ఓదార్చలేదు. వచ్చే ఏడు ఆ కమిటీలో కూర్చోబోయే విద్యార్థి ఎవరో కనుక్కొని, ఆ లేఖ ప్రతిని అతనికి చూపించమని మాత్రం చెప్పాను.