డప్పు మనది, జీతం వాళ్ళది!

ఏటా ఏప్రిల్ 21న పబ్లిక్ రిలేషన్స్ వాళ్ళ పండుగ. 1986 నుంచి ఆ రోజును 'జాతీయ పౌర సంబంధాల దినం'గా జరుపుకుంటున్నారు. ఉపన్యాసాలు, శాలువాలు, జ్ఞాపికలు. ఈమధ్య ఆ సభల్లో ఏడుపులు కూడా వినపడుతున్నాయి. ప్రెస్ నోటును జనం నమ్మడం లేదట. సెల్ ఫోన్ ఉన్న ప్రతివాడూ విలేకరి అయిపోయాడట. కంప్యూటరే వార్త రాసి, బొమ్మ గీసి, గొంతు కూడా మార్చి పెడుతుంటే ఇక మా కొలువులు ఏం గావాలె అని వాళ్ళ దిగులు.

అయ్యలారా, మీ దిగులు సంగతి తర్వాత. ముందు ఒక్క మాటకు జవాబు చెప్పండి. ఈ వృత్తి ఎవరిది?

ఊళ్ళో చాటింపు వేసింది మాదిగ. శిస్తు కట్టాలన్నా, జాతర చేయాలన్నా, దొర పిలుస్తున్నాడన్నా డప్పు భుజాన వేసుకొని గల్లీ గల్లీ తిరిగింది మాదిగ. చావు కబురు నెత్తిన పెట్టుకొని, ఎండా వానా చూడకుండా ఊరూరు నడిచింది మాల బేగరి. ఊరికీ సర్కారుకూ నడుమ మాట మోసింది మనమే. దానికి పేరేం పెట్టిండ్రు? వెట్టి. కూలి ఏమిచ్చిండ్రు? కల్లం కాడ చేటెడు గింజలు. అవి కూడా ఎత్తి దూరం నుంచి పోసిండ్రు.

1984లో పటేల్ పట్వారీలు పోయినా ఆ చాకిరీ పోలేదు. పేర్లు మారుతూ వీఆర్ఏ దాకా వచ్చింది. ఎక్కువ మంది మనోళ్ళే. 2022లో నెలల తరబడి సమ్మె చేస్తే, 2023లో ఆ వ్యవస్థను రద్దు చేసి 20,555 మందిని వేరే శాఖల్లో కలిపారు. తరాల చాకిరీకి స్కేలు దక్కడానికి ఇంత కాలం పట్టింది.

అదే పనికి ఇంగ్లీషు పేరు పెట్టి, డిగ్రీ పెట్టి, ఏసీ గది కట్టేసరికి అది గౌరవమైన వృత్తి అయిపోయింది. సర్కారు ఉద్యోగమైతే రిజర్వేషన్ ఉన్నది. ప్రైవేటు పీఆర్ కంపెనీలో ఆ చట్టం లేదు. అక్కడ తెలిసినోళ్ళు తెలిసినోళ్ళనే తెచ్చుకుంటారు. 'పౌర సంబంధాలు' అంటారు కదా, ఊరికీ వాడకూ సంబంధమే లేకుండా వేల ఏళ్ళు కాపలా కాసినోళ్ళు మనకు సంబంధాల పాఠం చెప్పడం ఏంది?

మేడ్చల్, శామీర్‌పేట దిక్కు చూడండి. తుర్కపల్లి, కొల్తూరు, లాల్‌గడి మలక్‌పేట అనే ఊర్లు ఉన్నాయి. 1999 తర్వాత వాటి మీద 'జీనోమ్ వ్యాలీ' అనే బోర్డు పడ్డది. కొత్త పేరు వచ్చినంక ఊరు కనపడదు, వాడ అసలే కనపడదు. ప్రపంచానికి టీకాలు పంపే చోటు అని పుస్తకాలు అచ్చు వేస్తారు. టీకాలు మంచివే, కాదనం. ఆ కంపెనీల్లో మన పిల్లలు ఎంతమంది సైంటిస్టులు, ఎంతమంది ఊడ్చేటోళ్ళు అనే లెక్క ఆ పుస్తకంలో ఏ పేజీలో ఉన్నది?

రోడ్ల పొంటి వెంచర్ల ఫ్లెక్సీలు చూడండి. నవ్వుతున్న కుటుంబం, పచ్చగడ్డి, సిటీకి ఇన్ని నిమిషాలు అని లెక్క. ఆ భూమి అసైన్డ్‌దా, లావుణి పట్టాదా అని మాత్రం రాయరు. 1977 చట్టం ప్రకారం పేదలకు ఇచ్చిన అసైన్డ్ భూమిని కొనొద్దు, అమ్మొద్దు. ఫ్లెక్సీకి ఆ చట్టం తెల్వదు.

జవహర్‌నగర్ సంగతి ఇంకా ఘోరం. హైదరాబాద్ చెత్తంతా అక్కడికే. గుట్టకు మట్టి కప్పి గడ్డి పెంచారు. 2020లో 19.8 మెగావాట్ల కరెంటు ప్లాంటు పెట్టారు. ఫొటోలో పచ్చగా ఉంటది. గుట్ట నుంచి కారిన నల్లనీళ్ళు మల్కారం చెరువును పాడు చేసిన సంగతి ఫొటోలో రాదు. వాసన అసలే రాదు!

ఇక ఫ్యాక్టరీల విషయం. అన్నలారా, అక్కలారా, ఇది బాగా గుర్తు పెట్టుకోండి. 2006 పర్యావరణ నోటిఫికేషన్ ప్రకారం అది చెప్పిన పెద్ద ఫ్యాక్టరీలకు అనుమతి ఇచ్చే ముందు ప్రజాభిప్రాయ సేకరణ జరగాలి. 30 రోజుల ముందు పేపర్లో ప్రకటన వేయాలి. పేపర్ రాని చోట డప్పు వేసి చాటించాలని ఆ నిబంధనల్లోనే ఉన్నది. చూశారా, ఢిల్లీ చట్టానికి కూడా మన డప్పు కావాలి! కలెక్టర్ గానీ, అదనపు కలెక్టర్ స్థాయి అధికారి గానీ కూర్చోవాలి. వచ్చిన ప్రతి మనిషికీ అడిగే హక్కు ఉన్నది. చివర్లో ఎవరేం మాట్లాడిందీ తెలుగులో చదివి వినిపించాలి. వీడియో తీయాలి.

కానీ ఇంతమంది రావాలనే లెక్క ఏదీ లేదు. అందుకే చాటింపు వాడకు చేరకుండా చూసుకుంటే చాలు. పదిమందిని కూర్చోబెట్టి, టీ పోసి, 'ప్రజలు స్వాగతించారు' అని రాసుకోవచ్చు. అనుమతి ఉన్న ఇండస్ట్రియల్ పార్కు లోపల పెడితే ఈ సభ కూడా అక్కర లేదు. 2020 మార్చిలో కేంద్రం బల్క్ డ్రగ్ ఫ్యాక్టరీలను వేరే తరగతిలోకి మార్చి, కొంతకాలం వాటికి ఈ సభే లేకుండా చేసింది. కరోనా పేరు చెప్పి మన నోరు మూసింది. జనంతో సంబంధం కలిపే వృత్తి అంటారు గదా, జనాన్ని అడగొద్దన్న రోజు ఆ వృత్తిలో ఒక్కరన్నా నోరు విప్పిండ్రా?

ప్రభుత్వాలు తక్కువ తినలేదు. తెలంగాణ పోరాటంలో ఆడిపాడిన మన గొంతులను 2014 తర్వాత సాంస్కృతిక సారథిలో పెట్టారు. 550 మందికి ఉద్యోగాలు ఇచ్చారు. ఉద్యోగం వాళ్ళ హక్కు, వాళ్ళను తప్పు పట్టం. కానీ నిన్న సర్కారును నిలదీసిన పాట ఇవాళ పథకాల లిస్టు చదువుతున్నది. అల్వాల్ మట్టిలో పండుకున్న గద్దర్ పాటకు 1997లో తూటాలతో జవాబు వచ్చింది. ఇప్పుడు తూటా అక్కర లేదు, జీతం చాలని పాలకులు నేర్చుకున్నారు.

ఇంక వాళ్ళను నమ్మేదెవరు? 2009 ఎన్నికల్లో డబ్బు తీసుకొని వార్తలు వేసిన సంగతిని మన రాష్ట్ర జర్నలిస్టుల సంఘమే బయట పెట్టింది. కొత్తగా వచ్చిన దొంగ బొమ్మల విషయంలో మాత్రం మనం కూడా జాగ్రత్తగా ఉండాలి. 2025లో కంచ గచ్చిబౌలి చెట్లు నరికినప్పుడు కంప్యూటర్ చేసిన బొమ్మలు కొన్ని తిరిగాయి. చెట్లు నరికింది నిజం, ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు ఆపింది నిజం. అయినా సర్కారు ఆ దొంగ బొమ్మలను పట్టుకొని మొత్తం గోసనే అబద్ధం అనబోయింది. మన గోసకు దొంగ బొమ్మ అక్కర లేదు. తేదీ, సర్వే నంబరు, నిజం ఫొటో చాలు.

మన మాట మనమే చెప్పుకోవడం కొత్త కాదు. భాగ్యరెడ్డి వర్మ 1931లోనే హైదరాబాద్‌లో 'భాగ్యనగర్' పత్రిక పెట్టాడు. 1994 జూలై 7న ఈదుముడిలో పుట్టిన దండోరా, దొర మాట చాటిన డప్పుతోనే మన మాట చాటింది. ఈ వృత్తిలో ఉన్న దళిత తమ్ముళ్ళు, చెల్లెళ్ళూ, మీ నౌకరీ మీరు చేయండి. వాడ గురించి అబద్ధం రాయమంటే మాత్రం కలం కింద పెట్టండి.

మన డిమాండ్లు:

1. ప్రైవేటు పీఆర్ కంపెనీల్లో, ప్రభుత్వ ప్రచారం పనులు తీసుకునే ఏజెన్సీల్లో ఎస్సీ, ఎస్టీ, బీసీలకు వాటా ఇవ్వాలి.

2. ప్రజాభిప్రాయ సేకరణ చాటింపు ప్రతి దళితవాడలో వేయాలి. డప్పు కొట్టినోళ్ళకు కూలి ఇవ్వాలి. ఉచిత చాకిరీ బంద్!

3. ఎస్సీల పథకాల మీద ఎంత ఖర్చు పెట్టారు, వాటి ప్రకటనల మీద ఎంత పెట్టారు, రెండు లెక్కలూ పక్క పక్కన పెట్టాలి.

మూడో లెక్క ఇయ్యకపోతే సమాచార హక్కు కింద అడగండి. మండలంలో 5 రూపాయలు, జిల్లా ఆఫీసులో 10 రూపాయలు. తెల్లకార్డు ఉంటే అదీ లేదు. 30 రోజుల్లో జవాబు రావాలి. సోమవారం అంతాయిపల్లి కలెక్టరేట్‌లో ప్రజావాణికి ఒక్కరు పోవద్దు, వాడంతా కలిసి పోవాలి. చేతిలో దరఖాస్తు ఉండాలి, భుజాన డప్పు ఉండాలి.

డప్పు మనది. ఇక దరువూ మనదే!

జై భీమ్!