రెండు రోజుల దుబాయ్, ఇరవై ఏళ్ళ దుబాయ్

సాఫ్ట్‌వేర్ వాళ్ళకి ఈ మధ్య ఒక అలవాటు బాగా ముదిరింది. హైదరాబాదు నుంచి అమెరికా పోతూ మధ్యలో దుబాయ్ లో రెండు రోజులు దిగడం. తప్పేం లేదు. దుబాయ్ నుంచి శాన్ ఫ్రాన్సిస్కోకో, సియాటిల్ కో పోయే విమానం అట్లాంటిక్ మీదుగా పోదు, నేరుగా ఉత్తరానికి తిరుగుతుంది. భూమి గుండ్రంగా ఉంది కాబట్టి అదే దగ్గరి దారి మరి. ఉత్తర ధ్రువం చుట్టుపక్కల మంచు సముద్రాల మీదుగా దాదాపు పదహారు గంటల కూర్చోవడం. ఎండాకాలమైతే కిటికీలోంచి తెల్లటి మంచు కనిపిస్తుంది, డిసెంబర్లో అయితే చీకటి తప్ప ఇంకేం ఉండదు. అలాంటి ప్రయాణానికి ముందు వెచ్చటి ఊళ్ళో కాళ్ళు చాపుకుని రెండు రోజులు తిరిగితే ఎవరికి చేదు?

తిరిగే చోట్లు కూడా అందరికీ ఒకటే. 828 మీటర్ల బుర్జ్ ఖలీఫా, దాని ముందు ఫౌంటెన్, ఎడారిలో జీపు, మాల్ లోపల మంచు. ఆ మంచులో 2012 నుంచి నిజం పెంగ్విన్లు కూడా ఉన్నాయి. ధ్రువం మీదుగా పోకముందే ధ్రువాన్ని టికెట్టు పెట్టి చూపించేస్తారన్నమాట :)

ఇవన్నీ చూడొద్దని నేను అనను. నా గొడవ వేరే. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల నుంచి ఇంజనీరింగ్ చదివి వచ్చిన మనం కూడా దుబాయ్ ని ఇంతే చూసి పోతున్నాం. అది మాత్రం నాకు మింగుడు పడదు.

ఎందుకంటే మా వైపు దుబాయ్ అంటే ఒక ఊరు పేరు కాదు. సౌదీ పోయినా, మస్కట్ పోయినా, కువైట్ పోయినా "దుబాయ్ పోయిండు" అనే అంటారు. బోర్లు ఎండినప్పుడు, సిరిసిల్లలో సాంచాలు ఆగినప్పుడు, ఆడవాళ్ళు బీడీలు చేసినా ఇల్లు గడవనప్పుడు మగవాళ్ళు పోయే చోటు అది. మన క్లాసులో చదివిన సగం మంది ఇళ్ళకి స్లాబు పడింది ఆ డబ్బుతోనే. ఇంజనీరింగ్ ఫీజులు కూడా చాలామందికి దిర్హాముల్లోంచే వచ్చాయి. మనకి అది పరాయి నగరం ఎలా అవుతుంది?

అయినా ఒకే మండలం వాళ్ళు ఇద్దరు శంషాబాద్ లో ఒకే విమానం ఎక్కితే, వాళ్ళు దిగేవి రెండు వేరే దుబాయ్ లు. పాస్‌పోర్టులో అమెరికా వీసా ఉంటే చాలు, 2017 నుంచి మనకి అక్కడ దిగాకే వీసా ఇస్తున్నారు. పది పాస్ కాని వాడి పాస్‌పోర్టు ఈసీఆర్. 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టం ప్రకారం గల్ఫ్ లో పనికి పోవాలంటే ప్రభుత్వం నుంచి క్లియరెన్స్ తెచ్చుకోవాలి. వాడి మంచికోసం పెట్టిన నిబంధనే, కాదనను. కానీ ఏజెంటు ఏం చేస్తాడు? "ఇదంతా లొల్లి, విజిట్ వీసా మీద పో, అక్కడ మార్పిస్తా" అంటాడు. విజిట్ వీసాకి క్లియరెన్స్ అక్కర్లేదు. దాంతో పాటే ఇన్సూరెన్సూ ఉండదు, ఒప్పంద పత్రమూ ఉండదు, వీడు పనికి పోయాడన్న రికార్డూ ఎక్కడా ఉండదు.

మనకి సులువు చేసిన విజిట్ వీసాయే వాడికి ఉరితాడు.

అక్కడ ఏదైనా అయితే ఏమవుతుందో సిరిసిల్ల వాళ్ళకి ఒకరు చెప్పాల్సిన పనిలేదు. ఒక నేపాలీ వాచ్‌మన్ హత్య కేసులో ఆ ప్రాంతం వాళ్ళు ఐదుగురు దుబాయ్ జైల్లో పడ్డారు. చనిపోయిన మనిషి కుటుంబానికి పరిహారం ఇచ్చి క్షమాపత్రం తెచ్చినా ఏళ్ళు గడిచిపోయాయి. వాళ్ళల్లో ఇద్దరు అన్నదమ్ములు 2024 ఫిబ్రవరిలో ఇల్లు చేరేటప్పటికి 18 ఏళ్ళు. బుర్జ్ ఖలీఫా 2010 లో తెరిచారు. అంటే ఆ పండగ జరిగేటప్పుడు వాళ్ళు అదే ఊళ్ళో జైల్లో ఉన్నారు.

అందుకే నేననేది, ఆ రెండు రోజుల్లో ఒక సాయంత్రం దేరా వైపు పొండి. ఒక్క దిర్హాం ఇస్తే అబ్రా, అంటే చెక్క పడవ, బర్ దుబాయ్ నుంచి క్రీక్ దాటిస్తుంది. సెలవు రోజైతే సబ్ఖా బస్ స్టేషన్ చుట్టుపక్కల తెలుగు వినిపిస్తుంది. అదీ మన తెలుగు. నాకు అక్కడ మెట్‌పల్లి వైపు ఆయన ఒకరు కలిశారు. "ఏ ఊరు తమ్మీ?" అని మొదలుపెట్టి, నేను పెద్ద టవరు చూసొచ్చానంటే నవ్వి, "పైకి పోయినవా? ఎట్లుంటది? మేం దాని ముంగటికెళ్ళే రోజూ బస్సుల పోతం, దిగలే" అన్నాడు. పదకొండేళ్ళుగా ఉంటున్నాడట.

"అయితే లేబర్ క్యాంపులు కూడా టూరిస్టు స్పాట్లు చేద్దామా?" అని మీరు అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. కెమెరా పట్టుకుని సోనాపూర్ పోయి, ఒక గదిలో ఎన్ని మంచాలున్నాయో లెక్కపెట్టుకుని వచ్చి జాలి పడితే అంతకంటే అసహ్యం ఇంకోటి లేదు. వాళ్ళుండే గదికి మనం పోవాల్సిన పనిలేదు. వాళ్ళు టీ తాగడానికి బయటికొచ్చే చోటుకి పోయి పక్కన కూర్చుంటే చాలు. ఊరి ముచ్చట్లు వాటంతట అవే వస్తాయి.

ఇంకా చెప్పాలంటే, అసలు పని దుబాయ్ లో కాదు, ఊళ్ళోనే ఉంది. మనం ఆఫర్ లెటర్లో ప్రతి లైనూ నాలుగుసార్లు చదివి, అర్థం కానిది నలుగురిని అడిగి సంతకం పెడతాం. మన ఇంటి వెనక కాకా కొడుకు పోతుంటే ఆ కాగితం ఎవరు చదివి పెడతారు? ఏజెంటుకి లైసెన్సు ఉందో లేదో ఈ-మైగ్రేట్ సైట్లో చూడ్డానికి ఐదు నిమిషాలు. లైసెన్సున్న ఏజెంటు తీసుకోవాల్సిన రుసుము, పన్ను కాకుండా, 30,000 రూపాయలు దాటకూడదు. ఎంత కడుతున్నారో మీ ఊళ్ళో ఒకసారి అడిగి చూడండి! ప్రవాసీ భారతీయ బీమా యోజన కింద ప్రమాదంలో చనిపోతే 10 లక్షలు వస్తాయి, రెండేళ్ళకి ప్రీమియం 275 రూపాయలు. పని వీసా మీద పోతేనే సుమా. గల్ఫ్ లో చనిపోయిన వాళ్ళ కుటుంబాలకి 5 లక్షలు ఇస్తామని 2024 లో తెలంగాణ ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది, సంతోషం. కానీ అది పెట్టె ఇంటికొచ్చాక వచ్చే డబ్బు. ఆ ఐదు నిమిషాల పని మనిషి విమానం ఎక్కకముందు చేసేది.

అక్కడి చట్టం జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడింటి వరకు ఎండలో పని చేయించొద్దంటుంది. ఇలాంటి సంగతులు పోయేవాడికి తెలిసుంటే అడగగలడు. తెలియకపోతే మేస్త్రీ చెప్పిందే చట్టం.

మన చదువులకి వాళ్ళు డబ్బు పంపారు. ఆ చదువు వాళ్ళ కాగితాలు చదవడానికి కూడా పనికి రాకపోతే ఎట్లా? మీ ఊళ్ళో ఈ పని ఇప్పటికే ఎవరైనా చేస్తుంటే ఎలా చేస్తున్నారో చెప్పండి, నాకూ పనికొస్తుంది.