పెట్టెడు చేయి, వ్రాసెడు చేయి

మన యింటికి చుట్టముల బిడ్డ వచ్చినచో చేతిలో నేదో యొకటి పెట్టక పంపుట మనకు చేతకాదు. తల్లి వలదనుచున్నను వినక బెల్లపు ముక్కయో, జంతికయో చేతిలో నుంచెదము. బిడ్డ నవ్వును, మనకు తృప్తి కలుగును. ఆ రాత్రి బిడ్డకు కడుపు నొచ్చినచో ఆ సంగతి మనదాక రాదు; తెలియునది తల్లికే. ఈ మాసము చెప్పబోవు కథయు నిట్టిదే. అయితే యిందలి బిడ్డలు మన బిడ్డలు కారు; సముద్రములోని డాల్ఫిను పిల్లలు.

డాల్ఫిను చూపునకు చేపవలె నుండును గాని చేప కాదు. ఊపిరి పీల్చుటకు నీటిపైకి వచ్చును. ఇంచుమించు 12 మాసములు గర్భము మోసి, ఒక్క పిల్లను కని, మూడు నాలుగేండ్లు పాలిచ్చి పెంచును. పసిపిల్ల తల్లి పొట్టక్రిందనే యీదుచు, ఆకలియైనప్పుడు పాలు కుడుచుచు తిరుగును.

ఆస్ట్రేలియా పడమటి తీరమున, పెర్తు నగరమునకు ఉత్తరముగా 800 కిలోమీటర్లకు మించిన దూరములో, షార్క్ బే అను అఖాతము కలదు. అందలి మంకీ మియా అను రేవున 1960 తరువాతి యేండ్లలో చేపలు పట్టువారు తమ పడవల చెంతకు వచ్చిన డాల్ఫినులకు చేపలు వేయ మొదలిడిరి. క్రమముగా కొన్ని డాల్ఫినులు మోకాటిలోతు నీటిలోనికి వచ్చి మనుష్యుల చేతి చేపను తినుట మరగెను. ఆ వింతను చూడ జనులు దూరదేశములనుండి రాసాగిరి. చేప పెట్టిన ప్రతివారును పుణ్యము చేసితిమనియే తలచిరి.

1982లో రేచల్ స్మోల్కర్, రిచర్డ్ కానర్ అను నిరువురు అమెరికా దేశీయులు అచ్చటికి వచ్చి, ఈ జంతువుల జీవితమును దగ్గరనుండి చూడవచ్చునని గ్రహించిరి. 1984 మొదలు అచ్చట పరిశోధన క్రమముగా సాగుచున్నది. 1988లో జానెట్ మాన్ గారు వచ్చి చేరి, తల్లిపిల్లల జీవితమునే తమ పనిగా గైకొనిరి.

పరిశోధన యనగానే గాజుబుడ్లు, పెద్ద యంత్రములు మన మనస్సునకు తోచును. ఇచ్చటి పని అట్టిది కాదు. తెల్లవారకమునుపే లేచి మొదట చూడవలసినది గాలి. గాలి హెచ్చి అలల తలలు తెల్లబడినచో డాల్ఫిను కనబడదు. ఆనాటికి పని లేదు. గాలి నిమ్మళముగా నున్నచో చిన్న పడవలో నీళ్లు, రొట్టె, కెమెరా, వ్రాతపుస్తకము సర్దుకొని బయలుదేరుదురు. ఎండకు టోపీయే నీడ.

డాల్ఫినులను గుర్తించుట వీపుమీది రెక్కచేత. ఆ రెక్క యంచున నొక్కొక్కదాని కొక్కొక్క రీతి గంట్లు, చీలికలు ఉండును. వానిని ఛాయాచిత్రములు తీసి, పేర్లు పెట్టి, పట్టికలో నెక్కింతురు. రెక్కలో రంధ్రముండుటచే నొక తల్లికి హోలీఫిన్ అని పేరు వచ్చెను. ఇట్లు వేయికి మించిన డాల్ఫినులు పేరుపేరున ఎరుకలోనికి వచ్చినవి. ఒక తల్లిని ఎన్నుకొని గంటలకొలది వెంబడించి, అది యేమి చేయుచున్నది, పిల్ల యెంత దూరమున నున్నది, పాలు త్రాగినదా లేదా యని నిమిషము నిమిషమునకు వ్రాయుదురు. సాయంకాలము తీరము చేరినపిమ్మట చిత్రములను పోల్చి, లెక్కలు సరిచూచి, అప్పుడు పరుందురు. మరునాడు మరల అదే పని. మనము పాలవాని లెక్కయు చాకలిపద్దును వ్రాసికొనుటకంటె నిది వేరుకాదు. ఓర్పు మాత్రము హెచ్చు.

ఆ యోర్పునకు ఫలములు లేకపోలేదు. కొన్ని డాల్ఫినులు సముద్రపు స్పంజిని మూతికి తొడిగికొని, అడుగున గరుకు నేలను త్రవ్వి, దాగిన చేపలను వెదకుట 1984లోనే కంటబడెను. ఈ పని చేయునవి హెచ్చుగా ఆడవి. కూతుళ్లు దానిని తల్లులవద్దనే నేర్చుచున్నవని పిదప తేలెను. వంట నేర్పు తల్లులు నీటిలోను కలరన్నమాట!

కాని ఆ పుస్తకములలో సంతోషవార్తలే యుండవు. ఆ యఖాతమున సొరచేపలు మెండు. పెద్ద డాల్ఫినులలో నూటికి 70కి మించినవానిమీద వాని కాటు మచ్చలు కలవు. 2000 సంవత్సరమున ప్రకటితమైన లెక్కనుబట్టి, పుట్టిన పిల్లలలో నూటికి 40కి పైగా పాలు మానకమునుపే మరణించుచున్నవి. నిన్నటిదాక పిల్లతో తిరిగిన తల్లి నేడు ఒంటరిగా కనబడును. వ్రాయువారు ‘పిల్ల లేదు’ అని వ్రాసికొని ముందునకు సాగవలసినదే.

ఈ ‘పిల్ల లేదు’ అను మాటలను కూడి చూచినప్పుడు ఒక కఠినసత్యము బయటపడెను. మనుష్యులచేతి చేప తిను తల్లుల పిల్లలే, తినని తల్లుల పిల్లలకంటె హెచ్చుగా చనిపోవుచుండెను! చేపకై తల్లి ఒడ్డున జనుల నడుమ కాచుకొనియున్నంతసేపు పిల్ల పొట్టక్రింద నిమిడియుండలేదు, ఎడబాసి తిరుగును. తల్లి కడుపు నిండుచున్నది, బిడ్డకు కాపు తప్పుచున్నది. చేప పెట్టిన యాత్రికునికి తల్లి నవ్వినట్లుండు మోము కనబడెనే గాని, వెనుక తిరుగాడు పిల్ల కనబడలేదు.

అందుచే 1995లో అధికారులు కట్టుబాట్లు బిగించిరి. ఇన్ని చేపలకు మించి పెట్టరాదు, ప్రొద్దుటిపూటనే పెట్టవలెను, కావలివారి యెదుటనే పెట్టవలెను, ఎన్నిక చేసిన కొలది ఆడడాల్ఫినులకే పెట్టవలెను. మిగిలిన యాహారమును తల్లి సముద్రములోనే వేటాడి సంపాదించుకొనవలెను. అటుపిమ్మట ఆ తల్లుల పిల్లలు మునుపటికంటె హెచ్చుగా బ్రదుకసాగెను.

సోదరీమణులారా! పెట్టెడు చేయి మంచిదే. కాని పెట్టినది మేలయ్యెనా కీడయ్యెనా యని చెప్పగలిగినది, ఏండ్ల తరబడి ఎండలో కూర్చుండి ఎవరి మెప్పును కోరక వ్రాసిన చేయి. మనయింట ప్రేమకు కొదువ లేదు. పెట్టిన పిదప బిడ్డవైపు మరల నొకసారి చూచు నలవాటు మాత్రము మనకు కొంత కొదువ. పసిబిడ్డకు తిండి మార్చినప్పుడు, జ్వరము వచ్చినప్పుడు, ఏనాడేమి పెట్టితిమో, దానికేమైనదో ఒక చిన్న పుస్తకములో రెండు పంక్తులు వ్రాసియుంచుడు. వైద్యునకు మన కన్నీటికంటె ఆ రెండు పంక్తులే హెచ్చుగా నుపకరించును.