తడిసిన బొంత

ఈ నెల పిల్లలు పక్క తడిపే ముచ్చట రాస్తున్న. నవ్వకుండ్రి, మన ఇండ్లల్ల ఉన్నదే.

వర్లీ చాల్‌ల మా ఖోలీల ఉన్నప్పుడు, మా కొడుక్కి ఆరేండ్లు నిండినా రాత్రి పక్క తడిపేది. నేను మూడో పాళీ చేసి పొద్దుగాల ఇంటికొచ్చేటోన్ని. కండ్లు మండుతుండేవి, పండుకుందామంటే తడి బొంత. ఒకరోజు ఆ బొంతను వానితోనే మోయించి, బయట గ్యాలరీల ఆరేయించిన. చాల్ పిల్లలందరు చూసిన్రు. సిగ్గొస్తే మానుకుంటడనుకున్న. మానలేదు. నాకు పగటి పాళీ ఉన్న వారం, నేను ఇంట్ల పంటే, వాడు నిద్రపోకుండ గోడకు కూసునేటోడు. తొమ్మిదో ఏట దానంతటదే పోయింది. నా భయంతోనే పోయిందని అందరికి చెప్పుకున్న.

ఇప్పుడు కళ్యాణ్‌ల వాని దగ్గరే ఉంటున్న. వాని కొడుక్కి ఐదేండ్లు, అదే కథ. ఒక పొద్దుగాల మనవడు తడిసి నిలబడ్డడు. నాకు తిట్టు నోటిదాక వచ్చింది. అంతల మావాడే లేచి, చెడ్డీ మార్చి, "ఏం కాదురా, పోతది" అన్నడు. తర్వాత నా దిక్కు తిరిగి మెల్లగ, "బాపూ, గ్యాలరీల బొంత ఆరేసిన రోజు నాకింక యాదున్నది" అన్నడు.

జవాబుకు నాకు రెండు రోజులు పట్టింది. "తప్పైంది బిడ్డా" అన్న. వాడేం అనలేదు. చాయ్ కప్పు నా చేతిల పెట్టి డ్యూటీకి పోయిండు.

పిల్లల డాక్టరు చెప్పింది అందరికి పనికొస్తది. ఐదేండ్ల పిల్లలల్ల నూటికి సుమారు 15 మంది ఇట్ల తడుపుతరు. ఏడాదికేడాది తగ్గుతది. తల్లికో తండ్రికో చిన్నప్పుడు ఉంటే పిల్లలకు రావొచ్చు. వాండ్లు కావాలని చేసేది కాదు, కొడితే తగ్గదు. పగలు నీళ్లు మంచిగ తాపాలె, పండుకునే ముందు తగ్గించాలె, ఒంటికి పోయి రమ్మనాలె. పగలు గూడ తడిపినా, మంట ఉన్నా, దూప ఎక్కువైనా, ఆర్నెల్లు ఆగి మళ్ల మొదలైనా డాక్టరుకు చూపియ్యాలె. దొడ్డికి సరిగ రాకున్నా చెప్పాలె.

మా కోడలు పొడిగున్న రాత్రికి క్యాలెండర్ల చుక్క పెడ్తది. అది పెద్దోల్ల కోసమే, పిల్లగానికి చూపియ్యదు. పోయిన నెల 9 చుక్కలు. ఈ నెల మొదటి వారం ఒక్కటి లేదు, నాకు పానం ఆగలేదు. తర్వాత మళ్ల పడ్డయి. ఇయ్యాల్టికి 12.

మిల్లుల పడుగు పోగు తెగితే సాంచె ఆపి, కొస దొరకబట్టి, ముడేసి, మళ్ల నడిపేది. పాళీకి ఎన్నిసార్లు తెగినా అతికిన గని, పోగును ఒక్కనాడు తిట్టలేదు. ఆ ఓపిక ఇంటికి తెచ్చుకోలేదు.

మీ ఇంట్ల గిట్ల తడిపే పిల్లలుంటే నలుగుట్ల అనకుండ్రి. వాండ్లు మరిచిపోరు.

పొద్దుగాల బొంత తీస్కపోయి మిద్దె మీద ఆరేసుడు ఇప్పుడు నా పని.