రేచీకటియు, అరటితొక్కపై వ్రాలు ఈగయు



మొన్నటి వేసవిలో మేము తిరువూరు ప్రాంతమందలి నెమలి గ్రామమునకు వేణుగోపాలస్వామి దర్శనార్థమై వెళ్లి, బంధువుల ఇంట విడిసితిమి. వసారాలో మామిడిపండ్ల గంపయు, దాని ప్రక్కన అరటితొక్కలును ఉండెను. వానిపై నువ్వుగింజంత ఈగలు ముసురుచుండెను. ఆ ఇంటి కోడలు వానిని తోలుచు, తన యెనిమిదేండ్ల కుమారుని గూర్చి యిట్లు చెప్పెను: "పిన్నిగారూ, ప్రొద్దుగూకిన వెనుక వీనికి గడప కానరాదు. మూడు మాసములనుండి మునగాకు పెట్టుచునే యున్నాను. నా వంటలోనే లోపమున్నదని మా అత్తగారనుచున్నారు."

ఆమెకు మేము చెప్పిన సమాధానమునే ఇచ్చట వ్రాయుచున్నాము. అందు చాలభాగము ఆమె తోలుచున్న ఈగలవలన లోకమునకు దెలిసినదే.

మామిడికాయను పొడిచి లోన గ్రుడ్లు పెట్టు పండుఈగ వేరు, ఇది వేరు. ఇది మాగి పులిసిన పండ్లపై వ్రాలునది. శాస్త్రజ్ఞులు దీనిని డ్రోసోఫిలా యందురు. పదిపండ్రెండు దినములకొక తరము పుట్టును గనుక వంశలక్షణములను పరిశీలించుట కనువైనది. దీని ఒక్కొక్క కంట సుమారు 750 చిన్నకన్నులు గూడియుండును; వాని నడుమ ఎఱ్ఱని రంగు అడ్డుగోడవలె నుండును. 1910లో న్యూయార్కునందు కొలంబియా విశ్వవిద్యాలయమున మోర్గను పండితుని సీసాలలో తెల్లకన్నుల మగ ఈగ యొకటి కనబడెను. ఒక్క జన్యువు చెడుటచే దాని కంటికి రంగు చేరలేదు. అది గ్రుడ్డిది కాదు. కాని గోడలు లేని యింట ఒక గది దీపము వేరొక గదిలోనికి ప్రాకినట్లు, వెలుగు కలగలిసి దాని చూపు మసకబారును.

1969లో ప్రకటింపబడిన మరియొక ఈగ ఇంకను విచిత్రమైనది. మసక వెలుతురున అది బాగుగనే చూచును. కాంతి ప్రకాశవంతమై యెడతెగక యుండెనా, కొలది క్షణములలో గ్రుడ్డిదానివలె నగును. కంటికణపు పొరలో వెలుగు తగిలినప్పుడు తెరచుకొనవలసిన ముఖ్యద్వారమొకటి దానికి లేదు. ఆ ద్వారమునకు చుట్టమైనదే మన నాలుకయందుండి మిరపకాయ మంటను దెలుపునది! దానిని కనుగొన్న జూలియస్ పండితునకు 2021లో నోబెలు బహుమానము పంచి యీయబడెను. మన గోంగూరపచ్చడికిని ఈగ కంటికిని ఇంత బాంధవ్యమున్నదని యెవరనుకొందురు?

ఇక రేచీకటి. మన కంటికైనను, ఈగ కంటికైనను, వెలుగును పట్టు పదార్థము తయారగుటకు ఏ విటమినో, దాని మూలమైన ఆకుకూరల పసుపురంగో కావలెను. అది లేని తిండి పెట్టిన ఈగకును చూపు తగ్గును. కాని తిండి సమృద్ధిగా నున్నను, ఆ పదార్థమును చేయు జన్యువే చెడినచో చూపు తగ్గుటయు, క్రమముగా కంటికణములు నశించుటయు ఈగలలో చూచినారు. మనుష్యులలోను అట్టి వ్యాధి కలదు. అదియు మొదట రేచీకటిగనే బయటపడును. తిండిలోపమువలని రేచీకటి వైద్యుడిచ్చు విటమిను మోతాదుతో కొలదిదినములలోనే మరలును. వంశమువలన వచ్చినది మరలదు. కనుక మునగాకు మంచిదే గాని, నెలలకొలది దానినే నమ్మి కూర్చుండుట మంచిది కాదు.

"మా ఇద్దరికిని చూపు బాగుగనే యున్నదే!" యని ఆమె ప్రశ్నించెను. ప్రతివానికిని ఒక్కొక్క జన్యువు తల్లినుండి యొకటి, తండ్రినుండి యొకటి, రెండు ప్రతులుగా వచ్చును. ఈ వ్యాధులలో పెక్కింట ఒక ప్రతి బాగున్న చూపునకు లోటులేదు. చెడుప్రతి దాచుకొన్న యిద్దరు దంపతులైనప్పుడు మాత్రము ప్రతి బిడ్డకును నాలుగింట నొక పాలు ప్రమాదము. మేనత్త మేనమామ బిడ్డలకు జన్యువులలో ఎనిమిదవ వంతును, మేనమామకు మేనకోడలికి నాలుగవ వంతును సమానముగా నుండును. మేనరికమున ఆ చెడుప్రతులు రెండును కలిసికొనుట సులభము. ఆ దంపతులదియు మేనరికమే. అంతియగాని వంటదోషము కాదు. ఒక్క తల్లి దోషమును కాదు.

హైదరాబాదున 1987లో స్థాపితమైన ఎల్.వి. ప్రసాద్ నేత్రవైద్య సంస్థలో వంశానుగతములైన కంటిజబ్బులను పరీక్షించుచున్నారు. చికిత్స యన్నిటికిని లేదు. 2017లో అమెరికాలో అనుమతింపబడిన జన్యుచికిత్స ఒక్క జన్యువు దోషమునకే పనికివచ్చును. అయినను ఏ జన్యువో తెలియుట ఇంటిల్లిపాదికిని అవసరము. ఏలయన, ఆమె మరదికి ఆడుబిడ్డ కూతురినే ఇచ్చుటకు మాటలు జరుగుచున్నవట.

అత్తగారు తలుపుచాటునుండి అంతయు వినుచుండిరి. కొంతసేపటికి వెలుపలికి వచ్చి, మనుమని తల నిమిరి, "తిరువూరినుండి హైదరాబాదునకు తెల్లవారుజామున బస్సున్నదా?" యని కుమారునడిగిరి.