గూటం బలం, నేల బలం

1903 డిసెంబరు 17వ తేదీన రైట్ సోదరులు కిట్టీహాక్ ఇసుకనేలపై నాలుగు పర్యాయాలు ఎగిరిన సంగతి మన విద్యార్థులందరూ చదివినదే. నాల్గవ పర్యాయం తరువాత జరిగినది మాత్రం అంతగా ప్రచారం పొందలేదు. నేలపై నిలిచి ఉన్న ఆ యంత్రాన్ని ఒక గాలి విసురు ఎత్తి దొర్లించి విరుగగొట్టినది. పట్టి ఆపబోయిన డేనియల్స్ అనే వ్యక్తి కూడా దానితోపాటే దొర్లినాడు. ఆ విమానం మరల ఎగురలేదు.

రెక్క నిర్మాణమే గాలికి పైకి లేచునట్టిది. చక్రాలు ఆగినంత మాత్రాన అది తన స్వభావాన్ని మరువదు. శిక్షణకు విరివిగా వాడే సెస్నా 172 రెక్కల వైశాల్యం సుమారు 16 చదరపు మీటర్లు, ఖాళీ బరువు సుమారు 750 కిలోలు. గంటకు 100 కిలోమీటర్ల గాలి చదరపు మీటరుకు రమారమి 47 కిలోల ఒత్తిడి కలిగిస్తుంది. ముక్కు గాలికి ఎదురై కొంచెం పైకెత్తి ఉంటే చాలు, విమానం బరువు లేనిదానివలె అయిపోతుంది. గాలి వేగం రెట్టింపైతే బలం నాలుగింతలు. కనుకనే రెక్కలను, తోకను త్రాళ్లతో నేలలోని కొక్కేలకు బిగిస్తారు. ఒంటి ఇంజను విమానానికి ఒక్కొక్క కొక్కెం సుమారు 3,000 పౌండ్లు, అనగా 1,360 కిలోల లాగుడుకు నిలువవలెనని అమెరికా విమానయాన శాఖ సూచన.

ఎర్రగుంట్లలో విమానాశ్రయమే లేదు గదా, ఈ చర్చ ఏల అనవచ్చు. కడపలో 2015 జూన్‌లో ప్రయాణికుల విమానాలు మొదలైనవి. 2022లో వైమానిక శిక్షణకు ఎంపికైన ఐదు విమానాశ్రయాలలో కడప ఒకటి. శిక్షణ విమానాలు తేలికైనవి. వాటిని కట్టవలసినది మన నేలకే.

ఈ నేల బహు మాయలాడి. వేసవిలో రేగడి ఇనుమువలె బిగుస్తుంది, నెర్రెలు విచ్చుతుంది. వాన పడగానే ఉబ్బి బురద అవుతుంది. చైత్రంలో నలుగురు లాగినా కదలని గూటం నేల నానిన తరువాత ఒక్కని చేతికి ఊడి రావచ్చు. కనుక మొదటి గాలివానకు నిలిచినది రెండవదానికి నిలుస్తుందన్న పూచీ లేదు. నాపరాతి నేలలో చిక్కు వేరు. రాతిలో రంధ్రం తొలిచి ఇనుప కడ్డీ పాతితే భద్రమని తోస్తుంది. కాని నాపరాయి పొరలు పొరలుగా ఉంటుంది, పై పొర పలుచనిదైతే పలక పలకగానే లేచి వస్తుంది.

మన రైతు గూటాన్ని అటూ ఇటూ ఊపి చూచిగాని ఎద్దును కట్టడు. ఒంటెను కట్టుటకు, తవక్కుల్‌కు గల సంబంధాన్ని తెలిపే హదీసు మనకు క్రొత్త గాదు. అయితే కట్టినామన్న తృప్తితోనే చాలామంది ఆగిపోతారు. గూటం ఎంతకు నిలుస్తుందో కొలిచి చూడనిదే కట్టినట్లు కాదని నా అభిప్రాయం. సుత్తి మ్రోత వినీ, గూటం లావు చూచీ తీర్పు చెప్పే పెద్దలతో నాకు పేచీ ఉన్నది.

కొలుచుటకు పెద్ద యంత్రాలు అక్కరలేదు. ఒక గట్టి దూలం, ఒక రాతి ఆనిక చాలు. ఆనికకు ఒక అడుగు దూరాన గూటం, రెండవ వైపు పది అడుగుల దూరాన బరువు. 50 కిలోల సిమెంటు బస్తా ఒక్కటి వ్రేలాడదీస్తే గూటంపై 500 కిలోల లాగుడు, మూడింటికి 1,500. సిమెంటు బస్తాలకు ఈ ఊరిలో కొదవ లేదు! మనుషులు మాత్రం వ్రేలాడరాదు, గూటం ఊడిన క్షణాన దూలం నేలను బాదుకొంటుంది. పావుగంట ఉంచి చూడవలె. ఊడకపోయినా, వ్రేలెడు పైకి జరిగితే అది తప్పినట్లే. పొడినేలలో ఒకసారి, రాత్రంతా నీరు నిలిపిన నేలలో మరొకసారి చేసి రెండు అంకెలూ వ్రాసుకోవలె. తడినేల అంకెనే నమ్మవలె.

విమానం మాట అటుంచండి. మన వార్షికోత్సవానికి వేసే షామియానా కూడా ఒక పెద్ద రెక్కయే. దాని క్రింద వందల మంది పిల్లలు కూర్చుంటారు. ఆటస్థలంలో ఒక మూల, ఒక దూలం, మూడు బస్తాలు ఇప్పించి, భౌతికశాస్త్ర విద్యార్థులచే ఈ పరీక్ష చేయించవలసినదిగా కళాశాల కమిటీవారిని కోరుతున్నాను. వచ్చే ఉత్సవానికి షామియానా వేసేవారి చేతికి ఆ తడినేల అంకెను ముందుగానే అందించవచ్చు.